శనివారం గిద్దెడు

1938 జూలై 2, శనివారం

పీపాలోది అయిందా లేదా అన్నదాంట్లో ఈ శనివారం కూడా ఇద్దరి మాటా కలవలేదు.

దావీదు అయిందన్నాడు. శెట్టిగారు కాలేదన్నారు. పీపాకు బిరడా బిగించి, అరుగు మీద కూర్చొని పోట్లాడుకొని, దీపాలు పెట్టే వేళకు నవ్వుకుంటూ లేచారు. నేను తమ్ముడు దావీదు గ్లాసు కడిగాను. శెట్టిగారి గ్లాసు ఆయనే కడుక్కొని, పంచె చెంగున చుట్టుకొని పోతారు.

ప్రభువా, ఓర్పునియ్యి.

జూలై 5, మంగళవారం

కోసిగి నుంచి దాసన్న పాస్టరుగారు ఉత్తరం రాశారు. అక్కడి ఆడవాళ్ళకు వాక్యం చదివి చెప్పడానికి, అక్షరాలు నేర్పడానికి మనిషి కావాలి. గుడి పక్కన గది ఉంది. వానలు లేక ఊళ్ళో మగవాళ్ళు కూలికి వలసపోయారట. "మీ కోసం అక్టోబరు నడిమిదాకా ఆగుతాం జీవమ్మగారూ. రాలేనంటే, ఎందుకు రాలేరో ఒక్క మాట రాయండి" అన్నారు.

ఆ ఒక్క మాట ఇక్కడ రాసి చూస్తాను. చదవడానికి బాగుంటే ఉత్తరంలోకి ఎక్కిస్తాను.

మా తమ్ముడు దావీదురాజు పులివెందుల పక్క రాతినార (ఆస్బెస్టాసు) గనిలో స్టోరు గుమాస్తాగా ఉండేవాడు. గని ఒక అమెరికా దొరది. తన దేశంలో సారాయి నిషేధం రాబోతోందని తెలిసి, ఆయన ఒక పీపాను ఓడెక్కించి వెంట తెచ్చుకున్నాడు. మొక్కజొన్నతో కాచిన విస్కీ. బర్బన్ అనేవాడు. పీపా లోపలి చెక్కను నల్లగా కాల్చి అందులో పోస్తారట. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కాలిన చెక్కే రంగూ రుచీ ఇస్తుందట. గని మూతపడింది. దొర ఇంటికి పోవాలి, ఇంటి దగ్గర నిషేధం. అందుకని పీపాను మావాడికీ, గనికి సరుకులు తోలే లక్ష్మీనరసయ్య శెట్టిగారికీ కలిపి ఇచ్చిపోయాడు. ఒకటే షరతు. ఇద్దరూ ఒకే రోజు "అయింది" అన్ననాడు దించి పంచుకోవాలి. అందాకా శనివారం శనివారం గిద్దెడు తీసి రుచి చూసుకోవచ్చు.

అది పదిహేడేళ్ళ కిందటి మాట.

అమ్మ పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. వాడు తాగుడు మానేదాకా వాణ్ని వదిలి పోవద్దంది. సరేనన్నాను. వాడూ అమ్మ చెయ్యి పట్టుకొని చెప్పాడు: పీపా దించిన రోజు ఒక్క గ్లాసు తాగి, తన వంతు శెట్టికే ఇచ్చేసి, మళ్ళీ ముట్టనని. వాడు మాట తప్పే మనిషి కాదు. నేనూ కాను.

కాబట్టి ఇద్దరు మగవాళ్ళ నాలుకలు కలిసిన రోజు నేను కోసిగి పోగలను. పాస్టరుగారికి ఇది ఎలా రాయడం?

జూలై 9, శనివారం

కాలేదు.

జూలై 16, శనివారం

ఈవేళ తారుమారైంది. శెట్టిగారు అయిందన్నారు. దావీదు కాలేదన్నాడు.

మావాడు చిన్న గాజు గ్లాసులో పోసుకొని, పరలోక ప్రార్థన ఒకసారి పూర్తయ్యేంతసేపు ముక్కు అందులోనే పెడతాడు. ఒక చుక్క నీళ్ళు వేస్తాడు. అప్పుడు పెదవి తడుపుకుంటాడు. శెట్టిగారిది వెండి గ్లాసు. తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తునుంచి గొంతులోకి పోసుకుంటారు. సొంత గ్లాసైనా సరే, పెదవి ఆనించరు. ఎంగిలి.

"ఏమప్పా రాజూ, ఈ పొద్దు అయినట్లే ఉండాది. దించేద్దామా?" అన్నారు శెట్టిగారు.

"యాడ అయింది? పోయిన శనివారం నేను అయిందంటే నువ్వు కాలా అంటివి."

"అబ్బుడు కాలా. ఇబ్బుడు చెక్క గొంతులో గీరుతాండాది సూడు. అట్ల గీరాల."

"గీరేది గుణమా శెట్టీ? రంపం మింగు, ఇంగా బాగా గీరుతాది."

"నీ మాదిరి వాసన సూసుకుంటా కూర్చునేదానికి మల్లెపూలు సాలు కదప్పా. పీపా ఏమిటికి?"

"ఎండలకు చెక్క మీదికొచ్చింది. జొన్న వాసన కిందికి పోయింది. వాన పడనీ. మళ్ళ పైకొస్తాది."

"వాన పడేదెన్నడో, నీ జొన్న లేచేదెన్నడో. అక్కా, మీ తమ్మునికి కొంచెం బుద్ధి చెప్పు."

నేను నవ్వాను.

శెట్టిగారి భార్య సుబ్బరత్నమ్మకు వేరే భయం పట్టుకుంది. మొగుడు ప్రతి శనివారం కిరస్తానుల ఇంటికి పోతున్నాడు, ఎప్పుడు తల మీద నీళ్ళు పోయించుకుంటాడో అని. వీధంతా అదే అనుకుంటోందట. శెట్టిగారు కాదనరు. "తాగుతాండానని తెలిసేదానికన్నా అదే నయం కదక్కా" అంటారు.

జూలై 31, ఆదివారం

ఆరాధన అయ్యాక గుడిలో చదివి వినిపించారు. అక్టోబరు ఒకటో తేదీ నుంచి మన కడప జిల్లాలో మద్య నిషేధం. అమ్మినా, తాగినా, ఇంట్లో దాచినా శిక్ష.

అందరికన్నా నా ఆమేన్ గట్టిగా వినిపించింది. పక్కన కూర్చున్న విశ్వాసమ్మ తిరిగి చూసింది.

ఆగస్టు 3, బుధవారం

పీపా మీద గోనెపట్టా రోజూ తడపాలి. లేకుంటే ఈ ఎండకు చెక్కలు విచ్చుకుంటాయి. పదిహేడేళ్ళుగా ఆ పని నాదే. ఈ మధ్యాహ్నం తట్టి చూశాను. పావు వంతు కూడా మిగిలినట్టు లేదు. ఇద్దరు మగవాళ్ళు తాగినదానికన్నా కడప గాలి తాగింది ఎక్కువ.

కింది బిరడాను ఇటూ అటూ కదిపాను. చేతిలోకి వచ్చేసింది. వేలు అడ్డం పెట్టాను. వేలు తీస్తే చాలు, నేల పీల్చుకుంటుంది.

బిరడా పెట్టేశాను. శనివారం అడిగితే అబద్ధమాడాల్సి వస్తుంది.

ఆగస్టు 6, శనివారం

నిషేధం గురించి వాళ్ళకూ తెలుసు. ఇక దించక తప్పదు కదా అన్నాను.

"ఇంగా రెండు నెలలుండాది కదక్కా" అన్నాడు దావీదు.

"గవుర్మెంటు చెప్పినబుడు అయ్యేది శిస్తు వసూలు అక్కా, ఇది కాదు" అన్నారు శెట్టిగారు.

ఆ విషయంలో మాత్రం ఇద్దరూ కలిశారు.

ఆగస్టు 20, శనివారం

అన్నం పెట్టుకుంటుంటే దావీదు వచ్చి పక్కన కూర్చున్నాడు. చిన్నప్పుడు జామకాయలు దొంగిలించి వచ్చినప్పుడు ఇలాగే కూర్చునేవాడు.

"అక్కా, నువ్వు కోసిగి పోవల్లనుకుంటాండావు కదా?"

నా చెయ్యి ఆగిపోయింది. వాడికి ఎప్పుడూ చెప్పలేదు.

"దాసన్న పాస్టరు గుంతకల్లు టేషన్లో కనపడి చెప్పినాడు. పో అక్కా. ఎన్నేండ్లు నన్ను కనిపెట్టుకోని ఉంటావు?"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్తోత్రం అనబోతున్నాను.

"పీపా నీ వెంబడి వస్తాది" అన్నాడు.

అరుగు మీదినుంచి శెట్టిగారు అందుకున్నారు. "కోసిగి బళ్ళారి జిల్లా కదక్కా. ఆడ నిషేధం ల్యా. వాక్యం చెప్పే ఆడమనిషి గదిలోకి ఎవుడొచ్చి సూస్తాడు? మేం శనివారం శనివారం రైలెక్కి వస్తాం. నీకూ తోడు."

"నీకు గోనె తడిపేది కూడా తెలుసు. వేరేవాళ్ళకు నేర్పల్లంటే కష్టం" అన్నాడు దావీదు. వాడి ముఖంలో మోసం లేదు. నాకు మేలు చేస్తున్నాననే అనుకుంటున్నాడు.

ఇద్దరికీ మజ్జిగ ఇచ్చాను.

ఆగస్టు 21, ఆదివారం

నిషేధం రావాలని నేనే ప్రార్థించాను. వచ్చింది. తలుపు తెరుచుకుంది. తలుపులో పీపా ఉంది.

ఆగస్టు 24, బుధవారం

గోనె తడిపాను.

ఆగస్టు 27, శనివారం

చెప్పేశాను. గుడి గోడ పక్కన దాన్ని పెట్టనని. పీపాతో అయితే పోనని.

దావీదు గ్లాసు కింద పెట్టాడు. "అట్లయితే దించాల్సిందే. కానీ దించల్లంటే ఇద్దరం ఒకటి కావల్ల కదక్కా. దొరకిచ్చిన మాట" అన్నాడు. నేను మాట తప్పలేను కాబట్టి వాణ్నీ తప్పమనలేకపోయాను.

సెప్టెంబరు 3, శనివారం

ఈవేళ కేకలు వేసుకున్నారు. దావీదు జొన్న తిరిగొచ్చిందంటాడు, దించుదామంటాడు. శెట్టిగారు గీరడం తగ్గిందంటారు, ఇంకో వేసవి కావాలంటారు.

"నీకు నాలుకుండాదా, చెప్పు తోలుండాదా?"

"నాకు నాలుకుండాది. నీకు ముక్కొకటే ఉండాది."

చివరికి శెట్టిగారు నా వైపు తిరిగారు. "అక్కనడుగుదాం. అక్క అబద్ధమాడదు. మన ఇద్దరి పక్కా ఉండదు. అక్క ఎవురి మాట సరంటే దానికి రెండోవాడు కట్టుబడల్ల."

దావీదు వెంటనే ఒప్పుకున్నాడు.

పదహారో ఏట గుడిలో నిలబడి, మద్యం ముట్టనని ప్రతిజ్ఞ చేశాను. వాళ్ళకది తెలుసు. వాసన చూస్తే చాలన్నారు. వారం గడువు అడిగాను.

సెప్టెంబరు 7, బుధవారం

అయిందని ఒక్క మాటంటే చాలు. ఆ సాయంత్రమే దించుతారు. వాడు మానేస్తాడు. అమ్మ మాట తీరుతుంది.

కానీ అయిందో లేదో తెలియకుండా అయిందంటే అబద్ధం. తెలియాలంటే రుచి చూడాలి. చూస్తే ప్రతిజ్ఞ పోతుంది. రెంటిలో అబద్ధమే పెద్ద పాపం అనుకుంటున్నాను.

సెప్టెంబరు 10, శనివారం

అంతా రాస్తాను.

గ్లాసు తెమ్మన్నాను. దావీదు వాసనకే అనుకొని ఇచ్చాడు. మొదట వాడి పద్ధతిలోనే ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న కంకి. దాని వెనక పాత బెల్లం. ఇంకా వెనక, వాన చినుకు పడిన కొత్త కుండ. పెదవికి ఆనించాను.

"అక్కా!" అన్నాడు దావీదు. లేచి నిలబడ్డాడు.

తీపి. వేడి. మింగాక కూడా లోపల నడుస్తూనే ఉంది.

తర్వాత వేరే గ్లాసులో పోయించుకొని, శెట్టిగారి మాదిరి తల వాల్చి ఎత్తి పోసుకున్నాను. వాసనే లేదు. బెల్లం లేదు, కంకి లేదు. చింతగింజ పొట్టు నమిలినట్టు వగరు, గొంతులో గీత. దగ్గు ఆగలేదు. శెట్టిగారు నీళ్ళు అందించారు.

అప్పుడు అర్థమైంది.

"మీరిద్దరూ ఇన్నేండ్లు ఒకటే తాగలేదు" అన్నాను. "శెట్టిగారూ, మీరు పెదవి ఆనించి తాగండి. దావీదూ, నువ్వు ఎత్తి పోసుకో. అబ్బుడు చెప్తా."

"ఎంగిలైతాది కదక్కా."

"మీ గ్లాసే కదా. మీ ఎంగిలి మీకే."

ఆయన వీధి వైపు చూశారు. తలుపు దగ్గరికి వేయమన్నారు. పిల్లవాడు మందు తాగినట్టు కళ్ళు మూసుకొని గ్లాసు పెదవికి తగిలించారు. ముక్కు గ్లాసులోకి దూర్చారు. తియ్యలేదు.

"ఓయబ్బా" అన్నారు చివరికి. "రాజూ, ఇది యాడిదప్పా?"

దావీదు దగ్గుతున్నాడు. "శెట్టీ, ఇన్నేండ్లు నువ్వు తాగింది ఇదా? అయ్యో పాపం. చెప్పకూడదా?"

"నాకేం తెలుసప్పా, ఇదే అనుకుంటి."

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకొని నవ్వారు. నేనూ నవ్వాను. ఇక కలిసిపోయారు, అంతా అయిపోయింది అనుకున్నాను. "ఇంక చెప్పండి, అయిందా?" అన్నాను.

"యాడ అయిందక్కా!" అన్నారు శెట్టిగారు. "నాకిబుడే మొదలైతే! ఇంగా రెండేండ్లన్నా ఉండల్ల. పోయినేండ్లన్నీ నాకెవురిస్తారు?"

"నువ్వు నోర్మూసుకో" అన్నాడు దావీదు. "దీని అడుగు నాకిబుడు తెలిసింది. చెక్క తినేసింది దీన్ని. ముసలిదైపోయింది. ఈ పొద్దే దించల్ల."

మళ్ళీ మొదలైంది. తీర్పు నాదే కదా అన్నాను. అయిందని చెప్పబోయాను. కానీ ఎవరి మాట ప్రకారం? ఒక గ్లాసులో కాలేదు. ఒక గ్లాసులో దాటిపోయింది. నాకు తెలియలేదు. తెలియదనే చెప్పాను.

"అట్లయితే అక్కకూ నాలుక కుదరల్ల" అన్నారు శెట్టిగారు. "ఇంగ ముగ్గురూ ఒకటంటేనే దించేది. ఏమప్పా?"

"న్యాయమే" అన్నాడు దావీదు. నా వైపు భయంగా చూశాడు. "అక్కా, నువ్వు ముట్టింది నా వల్లే కదా."

కాదన్నాను.

సెప్టెంబరు 11, ఆదివారం

ప్రభురాత్రి భోజనం. పాత్ర నా వరుసకు వచ్చింది. తాగకుండా పక్కకు అందించాను. ఎవరూ చూడలేదనుకుంటాను.

సెప్టెంబరు 14, బుధవారం

ప్రార్థనలో రెండుసార్లు మాట తడబడింది. కుండ వాసన కాదు అది. కొత్త చాప వాసన.

సెప్టెంబరు 15, గురువారం

దాసన్న పాస్టరుగారికి ఉత్తరం రాశాను. ప్రతిజ్ఞ తప్పాననీ, ఆ చేత్తో అక్కడి ఆడవాళ్ళకు వాక్యం తెరవలేననీ. వేరొకరిని చూసుకోమన్నాను. పీపా సంగతి రాయలేదు. ఆ అవసరం లేకపోయింది. కారణం చివరికి ఒక్క మాటలోనే సరిపోయింది.

సెప్టెంబరు 17, శనివారం

పెదవి తడుపుకున్నాను, అంతే. నాలుక కుదరకుండా తీర్పు చెప్పడం వాళ్ళకు అన్యాయం.

కాలేదు.

సెప్టెంబరు 24, శనివారం

దావీదు అయిందన్నాడు. శెట్టిగారు కాలేదన్నారు. నేను ఈ వారానికి ఏమీ చెప్పలేనన్నాను. చెక్క కాస్త వెనక్కి తగ్గింది, కానీ చివర్న మాడు వాసన ఇంకా మిగిలే ఉంది. ఆ మాటంటే దావీదు ఆశ్చర్యంగా చూశాడు.

"అక్కకు బాగా వచ్చేసింది శెట్టీ" అన్నాడు.

"నీ అక్క కదప్పా. నీకంటే ముందే పుట్టింది" అన్నారు శెట్టిగారు.

సెప్టెంబరు 27, మంగళవారం

దాసన్న పాస్టరుగారి జవాబు వచ్చింది.

"ఎన్నడూ తప్పు చెయ్యనివాళ్ళ కోసం వెతకడం లేదమ్మా. అలాంటివాళ్ళు కోసిగికి రారు. గదికి సున్నం కొట్టించాం. జీవితంలో ఎన్నడూ పుస్తకం పట్టని ఆడవాళ్ళు మీ పేరు చెప్పి ఎదురు చూస్తున్నారు. ముందు అన్నట్టే అక్టోబరు నడిమిదాకా ఆగుతాం. రండి."

రెండుసార్లు చదివాను. ఆయన మంచివాడు. ఇంత మంచితనం లేకపోతే నాకు సులువుగా ఉండేది.

సెప్టెంబరు 29, గురువారం

పీపాను నా ప్రార్థన గదిలోకి దొర్లించారు. అక్కడైతే ఎవరూ వెతకరని దావీదు అన్నాడు. నేనే గది ఊడ్చి ఇచ్చాను. కొన్నాళ్ళే కదా. బైబిలును కిటికీ గూట్లోకి మార్చాను. అక్కడ వెలుతురు ఎక్కువ. చదువుకోవడానికి బాగుంటుంది.

అక్టోబరు 1, శనివారం

పొద్దున్నుంచీ తప్పెట కొట్టి చాటిస్తున్నారు. కల్లు దుకాణాలు మూశారు. గుడిలో ప్రత్యేక స్తుతి ఆరాధన పెట్టారు. పోయి వచ్చాను. విశ్వాసమ్మ నా చేతులు పట్టుకొని, "నీ ప్రార్థన ఫలించింది జీవమ్మక్కా" అంది.

సాయంత్రం శెట్టిగారు వెనక దారిన వచ్చారు. గ్లాసు తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకున్నారు. చెమటలు పోస్తున్నాయి. ప్రార్థన గది తలుపు వేసుకొని ముగ్గురం చాప మీద కూర్చున్నాం. దావీదు వీధి వైపు చెవి పెట్టి పోస్తుంటే కొంచెం నేల మీద పడింది.

శెట్టిగారు పెదవి ఆనించే తాగారు. ఇప్పుడు అలాగే తాగుతున్నారు.

"అయింది" అన్నారు మెల్లగా. "నాకు చాలప్పా. ఈ వయసులో పోలీసోళ్ళు బేడీలేసి పేటలో నడిపిస్తే సుబ్బరత్నం బాయిలో దూకుతాది. దించేద్దాం."

దావీదు ఎంతోసేపు ముక్కు గ్లాసులోనే ఉంచాడు. "భయంతో అంటాండావా, రుచితో అంటాండావా శెట్టీ?"

"రెండూ."

"నాకు రుచే. అయింది. దొర చెప్పినట్లే ఉండాది. జొన్నా, చెక్కా, రెండూ ఒక చోటే ఉండాయి." గ్లాసు కింద పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "మన ఇద్దరి మాటా కలిసింది శెట్టీ. ఇన్నేండ్లకు."

శెట్టిగారు వాడి చెయ్యి పట్టుకున్నారు. తర్వాత ఇద్దరూ నా వైపు తిరిగారు.

"ఈ పొద్దు ఒక్క గ్లాసు తాగి మానేస్తా అక్కా. అమ్మకు చెప్పినట్లే" అన్నాడు దావీదు. "సోమవారం నిన్ను రైలెక్కిస్తా. కోసిగిదాకా నేనే వస్తా, పెట్టె మోసేదానికి. చెప్పక్కా. నీ మాటొకటే ఉండాది."

గ్లాసు తీసుకున్నాను. తొందరపడలేదు. ముందు వాసన. తర్వాత పెదవి. తర్వాత నాలుక కింద నిలిపాను. వాళ్ళు చూస్తున్నారు. బయట తప్పెట చప్పుడు మా వీధి మలుపుదాకా వచ్చి, వేరే వైపు పోయింది.

బెల్లం వచ్చింది. కంకి వచ్చింది. చివర్న, చాలా చివర్న, మాడు. ఆవగింజంత. వాళ్ళకు తెలియకపోవచ్చు.

"ఇంగా కాలా" అన్నాను.

దావీదు నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. నవ్వుతానేమో అని చూశాడనుకుంటాను. శెట్టిగారే ముందుగా లేచారు. బిరడా తీసుకొని, అరచేత్తో కొట్టి బిగించారు.

"అక్క అన్నాక ఇంగేముందిలేప్పా" అన్నారు.

నాకు అనిపించినదే చెప్పాను. అబద్ధమాడలేను కదా.

అక్టోబరు 4, మంగళవారం

పాస్టరుగారికి ఇంకా జవాబు రాయలేదు. నెల నడిమిదాకా గడువుంది.

శనివారం చూడాలి.